స్కాట్ దొర అసలు పేరు రే స్టీవెన్‌సన్

తెలుగు సినిమా దర్శకులకు, కథా రచయితలకు, పాత్రలకు నటులను వెతికే బాధ్యత చూసేవారికి,

నమస్కారం.

నేను సినిమా మనిషిని కాను. ఒక చిన్న పట్టణంలోని నాటక సమాజంలో ముప్ఫై ఏళ్లకు పైగా వేషాలు కడుతున్నవాణ్ణి. పగలు ఉద్యోగం, రాత్రి రిహార్సలు. పరిషత్తు పోటీలకు వెళ్లడం, బహుమతి వస్తే సంతోషించడం, రాకపోతే తెల్లవారుజామున బస్సెక్కి ఇంటికి చేరడం. అల్లూరి నాటకం ఆడినప్పుడల్లా రూథర్‌ఫర్డ్ దొర వేషం నాదే. కాస్త ఒడ్డూ పొడుగూ ఉన్నానని పాతికేళ్ల వయసులో ఆ టోపీ నా నెత్తిన పెట్టారు. అది మళ్లీ దిగలేదు. అందుకే తెర మీద తెల్లదొర కనిపిస్తే నా చూపు కథానాయకుడి మీద నిలవదు. ఆ దొర ఎలా నిలబడ్డాడు, ఎటు చూశాడు, చేతులు ఎక్కడ పెట్టుకున్నాడు అని వెతుక్కుంటాను.

2022 మార్చి 25న 'ఆర్ఆర్ఆర్' విడుదలైనప్పుడు మొదటి రోజే వెళ్లాను. పతాక సన్నివేశంలో గవర్నర్ స్కాట్ బక్స్‌టన్ నెత్తురోడుతూ కింద పడి ఉంటాడు. తుపాకీ గుండు విలువ గురించి అతను మొదట్లో చెప్పిన మాటలే రాముడి నోట తిరిగి వస్తాయి. భీముడు గురిపెడతాడు. హాలు దద్దరిల్లింది. నా పక్కనున్న కుర్రవాడు కుర్చీ ఎక్కి ఈల వేశాడు. నేనూ అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాను. బయటికి వస్తూ ఆ దొర వేషం కట్టినదెవరని నలుగురిని అడిగాను. ఎవరికీ తెలియలేదు. "ఎవరో ఫారిన్ యాక్టరండీ" అన్నాడు ఒకాయన, స్కూటరు తాళం తీసుకుంటూ.

ఆ ఫారిన్ యాక్టర్ పేరు రే స్టీవెన్‌సన్. మరుసటి ఏడాది మార్చిలో మన పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ పండుగ సద్దుమణిగిన పది వారాలకు, 2023 మే 21న, ఇటలీలోని ఇస్కియా ద్వీపంలో ఒక సినిమా చిత్రీకరణకు వెళ్లిన ఆయన అక్కడే కన్నుమూశారు. మరో నాలుగు రోజులు ఉంటే 59 నిండేవి. ఆ తరువాత మన పత్రికల్లో 'ఆర్ఆర్ఆర్' ప్రతినాయకుడిగా నాలుగు వాక్యాలు వచ్చాయి. అంతటితో సరి. కోట్ల మంది తెలుగువాళ్లు కసితీరా ద్వేషించిన మనిషి గురించి మనకు తెలిసింది ఆ నాలుగు వాక్యాలే. ఆయన గురించి మీకు చెప్పాలని, చెప్పి ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

జార్జ్ రేమండ్ స్టీవెన్‌సన్ 1964 మే 25న ఉత్తర ఐర్లండ్‌లోని లిస్బర్న్‌లో పుట్టారు. తండ్రిది బ్రిటిష్ వైమానిక దళంలో ఉద్యోగం. ఎనిమిదో ఏట కుటుంబం ఇంగ్లండ్ ఈశాన్య మూలకు, న్యూకాజిల్ వైపు తరలింది. బొగ్గు గనులు, ఓడల కర్మాగారాలు ఒకదాని వెంట ఒకటి మూతపడుతున్న కాలం అది. అలాంటి చోట పెరిగిన పిల్లవాడు నటుణ్ణవుతానంటే నవ్వేవాళ్లే గాని నమ్మేవాళ్లు ఉండరు. మన ఊళ్లలోనూ అంతే కదా. ఆయన బొమ్మలు, రంగులు చదువుకున్నారు. లండన్‌లో భవనాల నమూనాలు గీసే ఒక సంస్థలో ఇంటీరియర్ డిజైనర్‌గా కుదురుకున్నారు. గోడలకు ఏ రంగు, గదిలో దీపం ఎక్కడ అని ఆలోచించే ఉద్యోగం. నెల తిరిగేసరికి జీతం.

పాతికేళ్ల వయసులో ఒక సాయంత్రం లండన్ రంగస్థలం మీద జాన్ మాల్కోవిచ్ నటిస్తున్న నాటకానికి వెళ్లారు. ఆ రాత్రితో ఆయన దారి మారింది. ఉద్యోగం వదిలి బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో చేరారు. 1946లో మొదలైన ఆ బడిలో డేనియల్ డే లూయిస్, జెరెమీ ఐరన్స్ వంటివాళ్లు చదివారు. ఊపిరి ఎలా పీల్చాలి, మాట ఆఖరి వరసకు ఎలా చేరాలి, కత్తి ఎలా తిప్పాలి అని అక్కడ అక్షరాభ్యాసం నుంచి నేర్పుతారు. తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని అదంతా నేర్చుకుని, 1993లో బయటికి వచ్చేనాటికి ఆయనకు 29 ఏళ్లు. ఆ వయసుకు మన కథానాయకులు పది సినిమాలు పూర్తిచేసి ఉంటారు.

తరువాత పదేళ్లు ఎవరికీ గుర్తుండని పదేళ్లు. బ్రిటిష్ టెలివిజన్‌లో చిన్నవీ, కాస్త పెద్దవీ పాత్రలు. ఆయన పెరిగిన ఆ ఈశాన్య ప్రాంతపు రచయిత్రి కేథరిన్ కుక్సన్ నవలల ఆధారంగా తీసిన ధారావాహికల్లో వేషాలు. 1998లో కెన్నెత్ బ్రానా, హెలెనా బోనమ్ కార్టర్ నటించిన ఒక సినిమాలో కొద్దిసేపు కనిపించే పాత్ర. మనం క్యారెక్టర్ ఆర్టిస్టు అని పిలిచేవాళ్ల బతుకంతా ఇలాంటి పదేళ్లతోనే తయారవుతుంది. పేరు ఎవరికీ తెలియదు. ముఖం మాత్రం ఎక్కడో చూసినట్లు ఉంటుంది.

ఆ పదేళ్లలో నన్ను పట్టి ఆపిన సంగతి ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లో యార్క్ అనే ప్రాచీన నగరం ఉంది. సృష్టి మొదలుకొని తుది తీర్పు దాకా బైబిలు కథను అక్కడ మధ్యయుగాల్లో వృత్తి సంఘాలవాళ్లు వీధుల్లో నాటకాలుగా ఆడేవారు. మన వీధి నాటకం లాంటిదే. 2000 సంవత్సరంలో ఆ నాటకాలను యార్క్ మిన్‌స్టర్ అనే మహా దేవాలయం లోపలే ప్రదర్శించారు. మిగతా వేషాలు ఊరివాళ్లే కట్టిన ఆ ప్రదర్శనలో క్రీస్తు వేషం రే స్టీవెన్‌సన్‌ది. ఆరడుగులు దాటిన మనిషి, మల్లయోధుడి భుజాలు. ఆ శరీరంతో సిలువ మోశారు. మూడేళ్లకు లండన్ నేషనల్ థియేటర్‌లో 'డచెస్ ఆఫ్ మాల్ఫీ' అనే పాత విషాద నాటకంలో కార్డినల్ వేషం వేశారు. ఆ కార్డినల్ మతాధికారి దుస్తుల్లో ఉన్న దుర్మార్గుడు. సొంత చెల్లెలిని చంపించేవాడు. ఒకే మనిషి మూడేళ్ల తేడాతో ఆ క్రీస్తు, ఈ కార్డినల్! మన స్కాట్ దొర వెనుక అంత ఉంది.

2004లో 'కింగ్ ఆర్థర్' సినిమాలో డాగోనెట్ అనే యోధుడి పాత్ర దొరికింది. మాటలు చాలా తక్కువ. గడ్డకట్టిన సరస్సు మీద శత్రు సైన్యం నడిచి వస్తుంటుంది. ఇవతల ఉన్నది గుప్పెడు మంది. మంచు పగిలితే తప్ప వాళ్లు బతికే దారి లేదు. డాగోనెట్ గొడ్డలి తీసుకుని ఒంటరిగా సరస్సు మధ్యకు పరుగెత్తి మంచును నరకడం మొదలుపెడతాడు. ఒంట్లో బాణాలు దిగుతున్నా చెయ్యి ఆగదు. డైలాగు లేదు, ఏడుపు లేదు, గొడ్డలి ఎత్తడం, దించడం, అంతే. చుట్టూ పేరున్న నటులు ఎందరో ఉన్నా ఆ సినిమాలో నాకు మిగిలింది ఆ మనిషి వీపు. వీపుతో నటించడం రంగస్థలం మీద పండినవాళ్లకు తప్ప రాదు.

మరుసటి ఏడాది, 41 ఏళ్ల వయసులో, ఆయన ముఖానికి పేరు వచ్చింది. హెచ్‌బీవో, బీబీసీ కలిసి తీసిన 'రోమ్' ధారావాహికలో టైటస్ పుల్లో అనే సైనికుడి పాత్ర అది. జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధ గ్రంథం అయిదో భాగంలో పుల్లో, వొరేనస్ అనే ఇద్దరు సైనికుల ముచ్చట చెప్పాడు. ఒకరంటే ఒకరికి పడదు. శత్రువుల మధ్య చిక్కినప్పుడు మాత్రం ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకున్నారు. ఆ కొద్ది వాక్యాల చుట్టూ అల్లిన కథ ఇది. 2005 నుంచి 2007 వరకు 22 భాగాలుగా వచ్చింది. వొరేనస్‌గా కెవిన్ మెక్‌కిడ్ చేశాడు.

అందులో ఒక సన్నివేశం నేను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. పుల్లోకు మరణశిక్ష పడి అతన్ని గ్లాడియేటర్ల మధ్యకు తోస్తారు. అతనికి పోరాడాలని లేదు. ఇసుకలో కూర్చుండిపోతాడు. తిడతారు, కదలడు. కొడతారు, కదలడు. చావుకు సిద్ధపడినవాడి నిర్లిప్తత ఆ భుజాల్లో కనిపిస్తుంది. చివరికి ఒకడు పుల్లో పనిచేసిన పదమూడో దళాన్ని అవమానిస్తాడు. ముందు ఆ కళ్లు కదులుతాయి. తరువాత మెడ. ఆ తరువాత మనిషి లేస్తాడు. "పదమూడు" అని గర్జిస్తూ వచ్చినవాణ్ణి వచ్చినట్లు నరుకుతాడు. నరుకుతున్నది తన ప్రాణం కోసం కాదని మనకు తెలుస్తూనే ఉంటుంది. ఒళ్లు డస్సి కూలబోయే సమయానికి, గోడ పక్కన నిలబడి చూస్తున్న వొరేనస్ ఆగలేక లోపలికి దూకుతాడు. హింస నిండిన ఆ దృశ్యం చూస్తూ నేను కన్నీళ్లు పెట్టుకున్నాను. పుల్లో తాగుబోతు, హంతకుడు, మొరటువాడు. అయినా అతన్ని క్షమించకుండా ఉండలేం. నటుడు ఎక్కడా ఆ క్షమాపణ అడగడు. మనమే ఇచ్చేస్తాం.

'రోమ్' తరువాత కొంతకాలం ఆయన్ను కథానాయకుణ్ణి చేయాలని చూశారు. 2008లో 'పనిషర్' పాత్ర ఇచ్చారు, ఆ సినిమా ఆడలేదు. 'కిల్ ది ఐరిష్‌మన్' అనే నేర కథలో ప్రధాన పాత్ర చేశారు. అదీ కొద్దిమందికే చేరింది. ఆయన అక్కడ ఆగి బాధపడినట్లు లేదు. పక్క పాత్రలకు తిరిగి వచ్చేశారు. ఒకప్పటి సహనటుడు బ్రానా దర్శకుడిగా 'థోర్' తీసినప్పుడు, ఒంటికి మెత్తలు కట్టుకుని బొజ్జ పెంచుకుని వోల్‌స్టాగ్ అయ్యారు. ముగ్గురు మస్కటీర్లలో పోర్థోస్ అయ్యారు. 'బ్లాక్ సెయిల్స్'లో నల్లగడ్డం సముద్రపు దొంగ అయ్యారు. ఇవి చూసినవాళ్లకు బాగానే గుర్తుంటాయి, వాటి మీద ఎక్కువసేపు ఆగను.

'డెక్స్‌టర్' అనే టీవీ ధారావాహిక ఏడో సీజన్ దగ్గర మాత్రం ఆగాలి. 2012లో వచ్చింది. అందులో ఐజాక్ సర్కో అనే ఉక్రెయిన్ నేర ముఠా నాయకుడు ఆయన. మంచి సూటు, నెమ్మది మాట, కనికరం లేని చేతులు. తన మనిషి విక్టర్‌ను చంపినవాణ్ణి వెతుక్కుంటూ వస్తాడు. చాలా భాగాల వరకు మనం దాన్ని ముఠా పగ అనే అనుకుంటాం. ఒక రాత్రి మద్యశాలలో శత్రువు పక్కనే కూర్చుని, విక్టర్‌ను తాను ప్రేమించానని చెబుతాడు. గొంతు పెంచడు, వణికించడు. ఎదుటివాడికి అర్థమవుతుందా లేదా అని ఒక్క క్షణం చూస్తాడు. ఆ చూపుతో అప్పటిదాకా చేసిన ఘోరాలన్నిటికీ కింద ఉన్న దుఃఖం బయటపడుతుంది. చేసిన తప్పులు తప్పులుగానే ఉంటాయి. మనిషి మాత్రం మనిషిగా కనిపిస్తాడు. ప్రతినాయకుడి పాత్ర అంటే నా దృష్టిలో అది.

ఇంత చేసిన నటుడు మన గడప తొక్కారు. 2019 నవంబరులో ఆయన పేరు ప్రకటించినప్పుడు 'రోమ్' చూసినవాళ్లం పట్టలేని ఆనందంతో ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం. ఆయన పోయాక రాజమౌళి గారు, సెట్లోకి ఆయన తెచ్చిన ఉత్సాహం అందరికీ అంటుకునేదని, ఆయనతో పనిచేయడం ఆనందమని రాశారు. కష్టమైన ఒక స్టంట్ 56 ఏళ్ల వయసులో వెనుకాడకుండా చేశారని చిత్రబృందం గుర్తుచేసుకుంది. ఆయనను ఇక్కడికి రప్పించి, అంత గౌరవంగా చూసుకున్నవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఇకపై చెప్పబోయేది ఆ కృతజ్ఞతను పక్కన పెట్టి చెబుతున్నది కాదు.

సినిమా మొదటి సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. ఆదిలాబాద్ అడవి, గోండు గూడెం. దొరసాని చేతికి మల్లి పాట పాడుతూ బొమ్మ వేస్తుంది. దొర దంపతులు చిల్లర విసిరి పిల్లను తీసుకుపోతారు. తల్లి వెంటపడుతుంది. సిపాయి ఆమెకు తుపాకీ గురిపెడతాడు. బక్స్‌టన్ అతన్ని ఆపుతాడు. మనం ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటాం, దయతలచాడేమోనని. అతను గుండు చేతిలోకి తీసుకుని దాని ఖరీదు చెబుతాడు. ఇంగ్లండ్ కర్మాగారంలో తయారై, ఏడు సముద్రాలు దాటి ఈ తుపాకీలోకి వచ్చేసరికి ఒక పౌండు అవుతుందని, దాన్ని ఈ మనిషి మీద వృథా చేస్తావా అని అడుగుతాడు. సిపాయి కర్ర అందుకుంటాడు.

ఆ మాటలను స్టీవెన్‌సన్ ఎలా అన్నారో మళ్లీ వినండి. అరవలేదు. పళ్లు కొరకలేదు. దుబారా చేసే గుమాస్తాను మందలించే యజమాని గొంతు అది. ఆయనకు ఆ తల్లి మీద కోపం లేదు, ఆమె ఆయన లెక్కలో లేనే లేదు. కడుపులో చెయ్యి పెట్టి దేవినట్లు ఉంటుంది చూసేవాడికి. సినిమా మొత్తం ఆ ఒక్క గుండు మీద నడిచి, ఆ గుండుతోనే ముగిసింది. అది నిలబడిందంటే ఆ గొంతు వల్ల.

నేను ముప్ఫై ఏళ్లుగా రూథర్‌ఫర్డ్‌ను అరుస్తూ చేశాను. కళ్లు ఎర్రజేసి, బూటు నేలకేసి కొట్టి, తెలుగును వంకర తిప్పి పలికితే జనం చప్పట్లు కొట్టారు. ఆ సన్నివేశం చూసిన రాత్రి ఇంటికి వెళ్లి నిద్రపోలేదు. ఇన్నేళ్లూ నేను చూపించింది దొర కోపాన్ని. దొరతనాన్ని ఎన్నడూ చూపించలేదు.

ఇప్పుడు నా బాధ చెబుతాను. ఆ సన్నివేశం తరువాత బక్స్‌టన్‌కు ఏం మిగిలింది? కొరడా దెబ్బలు పడుతుంటే చూడటం, ఆజ్ఞలు ఇవ్వడం, తరమడం, చావడం. అంత గొప్ప మొదటి మాట అన్న మనిషి ఇంట్లో ఒంటరిగా ఎలా ఉంటాడో మనకు తెలియదు. అతనికి దేనికి భయమో, ఎవరికి జవాబు చెప్పుకోవాలో, మేనకోడలు జెన్నీ ముఖం చూసినప్పుడు ఏమనిపించేదో తెలియదు. ఒక్క సన్నివేశం, ఒకే ఒక్కటి, అలాంటిది రాసి ఉంటే పుల్లోను మోసిన ఆ కళ్లు ఏం చేసి ఉండేవో ఊహించుకుంటాను. గజ ఈతగాణ్ణి పిలిచి మోకాలి లోతు నీళ్లలో నిలబెట్టినట్లయింది.

అది పురాణ ధోరణిలో తీసిన సినిమా, అందులో దొరకు లోపలి మనసు అక్కర్లేదు అని మీరు అనవచ్చు. మన పురాణ సినిమాలనే సాక్ష్యానికి పిలుస్తాను. 'భక్త ప్రహ్లాద'లో ఎస్వీ రంగారావు గారి హిరణ్యకశిపుణ్ణి చూడండి. కొడుకును చంపించబోతున్న ఆ తండ్రి ముఖంలో కొడుకు మీద మమకారం కనబడుతూనే ఉంటుంది. 'నర్తనశాల' కీచకుణ్ణి చూడండి. ఎన్టీ రామారావు గారు దుర్యోధనుణ్ణి ఎంత అభిమానంతో నిలబెట్టారో వేరే చెప్పాలా? రాక్షసుడికీ ఒక ఇల్లు, ఒక ఆశ, ఒక పరువు ఉంటాయని ప్రపంచానికి పాఠం చెప్పగల పరిశ్రమ మనది. ఆ విద్య తెల్లదొర దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మరిచిపోతున్నాం?

దొర విషయంలోనూ మనకు ఒక మేలైన నమూనా ఉంది. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్ వేషం జగ్గయ్య గారిది. తెలుగు నటుడు, తెలుగు మాట. రంగు పూసినా తెల్లవాడిలా కనబడాలన్న తాపత్రయం లేదు. ఆ కంఠంలో అధికారం ఉంది, ఎదుటివాడి శౌర్యాన్ని గుర్తించే సంస్కారం ఉంది. దానితో రాజు కుంచించుకుపోలేదు, ఇంకా పెద్దవాడయ్యాడు. సమవుజ్జీ ఎదురైతేనే కదా వీరుడి ఎత్తు తెలిసేది.

నన్ను అపార్థం చేసుకోకండి. బ్రిటిష్ పాలన మీద దయ చూపమని నేను అడగడం లేదు. 'ఆర్ఆర్ఆర్' తమవాళ్లను అన్యాయంగా చిత్రించిందని బ్రిటన్‌లో కొందరు నొచ్చుకున్నారు. ఆ వాదంతో నాకు ఏకీభావం లేదు. మన్యంలో ఏం జరిగిందో మనకు తెలుసు. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం గిరిజనుడి పోడును, కట్టెను, కాయను నేరం చేసింది. గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పని చేయించుకుని కూలి ఎగ్గొట్టాడు. 1924 మే 7న అల్లూరిని చెట్టుకు కట్టి కాల్చారు. ఈ క్రూరత్వంలో చాలా భాగం కొరడాతో జరగలేదు. కలంతో జరిగింది, కాగితాల మీద జరిగింది. భోజనం చేసి, ఇంటికి ప్రేమగా ఉత్తరం రాసి, ఆ చేత్తోనే సంతకం పెట్టిన మనుషులు చేశారు. అదే నేలకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ కూడా ఆ జాతి మనిషే. గోదావరి రైతు నేటికీ ఆయన విగ్రహానికి దండ వేస్తాడు. ఈ రెండూ తెలిసిన జాతి మనది. తెల్లవాణ్ణి రాసేటప్పుడు మన చేతికి ఒక్క రంగే దొరకడం ఏమిటి?

దొర ఎంత మనిషైతే వాడు చేసే పాపం అంత భయంకరంగా కనిపిస్తుంది. గుండు సన్నివేశం రుజువు చేసింది ఇదే. మీరే రాశారు, మీరే తీశారు. అలాంటివి మరో నాలుగు రాయమని అడుగుతున్నాను.

ఇంకొక మాట. ఊళ్లు చూడటానికి వచ్చిన విదేశీయులను పట్టుకొచ్చి, ఖాకీ తొడిగి, టోపీ పెట్టి నిలబెట్టడం మన దేశపు సినిమాల్లో పాత అలవాటు. వాళ్ల తప్పేమీ లేదు, నటన వాళ్ల వృత్తి కాదు. కాని బ్రిస్టల్‌లో, లండన్‌లో, లివర్‌పూల్‌లో ఇరవై ఏళ్లు చిన్న పాత్రలు వేసి పండిన రే స్టీవెన్‌సన్‌లు ఎందరో ఉన్నారు. కథానాయకుడి పారితోషికంలో వాళ్లు అడిగేది ఏ మూలకూ రాదు. వాళ్లను పిలవండి. పిలిచినప్పుడు వాళ్ల రెండు పేజీల డైలాగులు మాత్రమే చేతిలో పెట్టకండి, కథ మొత్తం వినిపించండి. ఆ కాలపు ఇంగ్లీషు తెలిసినవారితో వాళ్ల మాటలు రాయించండి. మన కథానాయకుడి నోట యాస పొల్లుపోకుండా ఎంత శ్రద్ధ పడతారో, కలెక్టరు దొర నోట మాటకూ అందులో సగం పడండి. ప్రచార చిత్రాల మీద వాళ్ల పేరు వేయండి. ఏ ఊరివాడు, ఏ నాటకాలు ఆడాడు అని మన ప్రేక్షకుడికి నాలుగు ముక్కలు చెప్పండి. అప్పుడు స్కూటరు తాళం తీసుకునే పెద్దాయన కూడా పేరుతో చెబుతాడు.

స్టీవెన్‌సన్ పోయిన మూడు నెలలకు, 2023 ఆగస్టులో, 'అసోకా' అనే స్టార్ వార్స్ ధారావాహిక విడుదలైంది. అందులో ఆయన బేలన్ స్కోల్. నమ్మిన ధర్మం కళ్ల ముందే కూలిపోతే కిరాయికి కత్తి పట్టిన ఒక పాత యోధుడు. మాట పెదవి దాటేలోపు ఎంతో ఆలోచించినట్లు ఉంటుంది. చంపాల్సి వచ్చిన ప్రతిసారీ ముఖంలో ఒక అలసట కనబడుతుంది. ఆ కథ పూర్తికాకుండానే ఆయన వెళ్లిపోయారు. తరువాతి సీజన్‌కు ఆ పాత్రను రోరీ మెక్‌కాన్‌కు అప్పగించారు. మొదటి ఎపిసోడ్ చివర ఒక చిన్న వాక్యం వేశారు, మన మిత్రుడు రే కోసం అని. మనతో పనిచేసిన మనిషికి మన తెర మీద అలాంటి వాక్యం ఒకటి నేను ఇప్పటికీ చూడలేదు. ఆ సినిమా మళ్లీ ఎప్పుడు థియేటర్లకు వచ్చినా దాన్ని చేర్చడం పెద్ద పనేమీ కాదు.

వచ్చే సంక్రాంతికి మా సమాజం మళ్లీ అల్లూరి నాటకం ఆడుతోంది. నా మోకాళ్లు బూట్ల బరువు మోయలేకపోతున్నాయి కాబట్టి దొర వేషం ఒక కుర్రవాడికి అప్పగించాను. ఎలక్ట్రికల్ దుకాణంలో పనిచేస్తాడు, గొంతు బాగుంటుంది. మొదటి రోజు రిహార్సలుకు రాగానే అందరిలాగే అరవడం మొదలుపెట్టాడు. ఆపి, నా ఫోన్లో గుండు సన్నివేశం చూపించాను. ఆ తరువాత ఇసుకలో కూర్చున్న పుల్లోను చూపించాను. ఇద్దరూ ఒకరేనంటే చాలాసేపు నమ్మలేదు. మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి ఆ కళ్లనే చూశాడు.

తరువాత అతనే అడిగాడు, రాజును కాల్చిన రాత్రి రూథర్‌ఫర్డ్ అన్నం తిన్నాడా మాస్టారూ అని. మా నాటకంలో దానికి జవాబు లేదు. ఇద్దరం కూర్చుని ఆ సన్నివేశం రాస్తున్నాం.

గౌరవంతో,
ఒక నాటక సమాజపు పాత దొర